వాన తగ్గేదాకా నిలబడ్డ మనిషి

కిందటేడు మా అపార్ట్‌మెంట్‌కు రంగులు వేయించినప్పుడు, గేటు దాటి లోపలికి రాగానే ఎదురుగా కనబడే గోడను నాకు వదిలేశారు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉంటాం మేము. నేను ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచర్ని. "మన టీచరమ్మ ఉండంగ బయటి మనిషెందుకు?" అన్నారు. ఏం వెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మొజంజాహీ మార్కెట్ వరండాలో ఒకామె నిలబడి ఉన్న బొమ్మ వేశాను. వీపు మనవైపు. ఆమె ముందు జోరున వాన. చేతిలో నేరేడు పళ్ళ సంచి. తడిసిన చీర అంచు కింద ఒక పాదం ఎత్తి, రెండో కాలికి రుద్దుకుంటూ ఉంటుంది. బడి నుంచి వస్తూ వానకు నేనూ ఆ వరండాలో ఆగిన సాయంత్రం, నా ముందు ఆమె అచ్చం అలాగే ఉంది. వాన తగ్గగానే రోడ్డు దాటి వెళ్ళిపోయింది. ఆమె మొహం నేను చూడనే లేదు. చూడని మొహం ఎలా వేస్తాను? కానీ ఆ ఎత్తిన పాదం కోసం చాలా తిప్పలు పడ్డాను. ఒంటికాలి మీద నిలబడితే ఒళ్ళు ఎటు ఒరుగుతుందో తెలుసుకోవడానికి ఇంట్లో అద్దం ముందు కొంగలా నిలబడి చూసుకున్నాను. ఆ పాదం బాగా కుదిరింది. నా మట్టుకు నాకు బొమ్మంతా ఆ పాదమే.

ఆ పాదం గురించి ఇవాళ్టి దాకా ఒక్కరు ఒక్క మాట అనలేదు.

మొదట నన్ను ఆపినాయన మొదటి అంతస్తులో ఉండే బట్టల వ్యాపారి. ఆబిడ్స్‌లో తాతల నాటి దుకాణం వాళ్ళది. నాకన్నా పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను.

"టీచరమ్మా, బొమ్మ మంచిగుంది. గని ఆమె మొఖమేది?"

"మొఖం అటు దిక్కు ఉందన్నా."

"గదే అంటున్న. పొద్దుగాల దుకాణానికి పోతుంటే ఆడమనిషి వీపు చూపెడుతున్నది. లక్ష్మి అలిగి ఇంట్లకెళ్ళి పోతున్నట్టు లేదూ? బొమ్మ వచ్చినకాడికెళ్ళి గిరాకీ లేదు."

"ఆమె లక్ష్మి కాదన్నా. వాన తగ్గాలని చూస్తున్నది."

ఆయన నన్ను జాలిగా చూసి, "జర మొఖం ఇటు తిప్పుండ్రి" అని వెళ్ళిపోయాడు. గోడ మీది మనిషి మెడ తిప్పడం ఫ్యాను దిశ మార్చినంత సులువని ఆయన నమ్మకం.

ఇదే అనుకుంటే మూడో అంతస్తులో చరిత్ర లెక్చరర్‌గా రిటైరైన మాస్టారు ఉన్నారు. యాభై ఆరులో వాళ్ళ నాన్నగారు కోస్తా నుంచి ఉద్యోగం మీద ఈ ఊరొచ్చారు. మాస్టారికి బొమ్మ పిచ్చిగా నచ్చింది. ఇంటికెవరొచ్చినా ముందు గోడ దగ్గర నిలబెట్టి వివరించి గాని పైకి తీసుకెళ్ళరు. ఒకరోజు నేను కూరగాయలతో లోపలికి వచ్చేసరికి ఎవరో చుట్టాలకు ఆ వివరణ జరుగుతోంది.

"వరండా గమనించండి. ఇల్లు కాదు, వీధీ కాదు. మా నాన్నగారి తరం ఈ నగరంలో సరిగ్గా అలాగే నిలబడింది. లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు, వెనక్కి వెళ్ళే దారీ లేదు."

"మాస్టారూ, ఆవిడ వానకి ఆగిందండీ" అన్నాను.

"నువ్వు వేశావమ్మా, కాదనను. ఏం వేశావో నీకు తెలియదు."

నా సంచిలో టమాటాలు నలుగుతున్నాయి. అదే సమయానికి వ్యాపారి మెట్లు దిగి వచ్చాడు. మాటలన్నీ విన్నట్టున్నాడు, మొహం ఎర్రబడింది.

"ఏంది సార్, మిమ్ముల ఎవరు బయట నిలబెట్టిన్రు? ఈ ఊర్ల మీ నాయనకు ఇల్లు కిరాయికి ఇప్పించింది మా నాయన కాదా?"

"నేను మీ నాన్నగారిని అనలేదండీ. చరిత్ర గురించి చెబుతున్నాను."

"మరి చరిత్రల మా నాయన లేడా?"

వచ్చిన చుట్టాలు మెల్లగా గేటు వైపు జరిగారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. దానికి కారణం నేనట.

ఆదివారం టెర్రస్ మీద మీటింగ్ పెట్టారు. నీళ్ళ మోటారు సంగతి పక్కన పెట్టి నన్ను నిలబెట్టారు. ఆ సాయంత్రం, ఆ వాన, ఆమె కాలు రుద్దుకోవడం, అన్నీ చెప్పాను. అందరూ ఓపిగ్గా విన్నారు. ఒక్కరూ నమ్మలేదు.

"ఊరికే నిలబడటం అనేది ఉండదమ్మా" అన్నారు మాస్టారు.

"ఔ, ఉత్తగనే నిలబడితె గోడ మీద ఎందుకేస్తరు?" అన్నాడు వ్యాపారి.

అన్ని రోజులకు ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు, అదీ నేను అబద్ధమాడుతున్నానని. మీటింగ్ అయ్యాక కిందికి దిగాను. ఒకవేళ నాకే తెలియని అర్థమేదైనా ఉందేమోనని గోడ ముందు ఆగి చూశాను కూడా. వాన, వీపు, సంచి, పాదం. ఇంకేం కనబడలేదు.

తర్వాత వ్యాపారి ఇంటికి వ్రతం చేయించడానికి అయ్యగారు వచ్చారు. ఆయన గేటు దగ్గర నిలబడి బొమ్మను చూసి, "పోవడమేంటి నాయనా, అమ్మ నీకంటే ముందు లోపలికి నడుస్తోంది" అన్నారట. నిజమే, గేటు వైపు నుంచి చూస్తే ఆమె మొహం ఇంటి లోపలికే ఉంది. ఒక్క పూటలో వ్యాపారికి ఆ వీపు శుభమైపోయింది. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి బొమ్మ కాళ్ళకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. కింద అగరబత్తీలు. నేను అంత కష్టపడ్డ పాదం పసుపు ముద్ద కింద కనబడకుండా పోయింది.

తడిగుడ్డతో తుడిచాను. పొద్దునకు మళ్ళీ పూశారు. మళ్ళీ తుడిచాను. మాస్టారు, "నా ముందు తరం కష్టాన్ని మూఢనమ్మకం చేశారు, నువ్వు చూస్తూ ఊరుకున్నావు" అని నాతో కూడా మాట మానేశారు.

చివరికి విసిగిపోయి ఆబిడ్స్ వెళ్ళి తెల్లరంగు డబ్బా కొనుక్కొచ్చాను. స్టూలు వేసుకుని బ్రష్ ముంచానో లేదో, వెనక నుంచి కేక.

"ఆగుండ్రి! ఏం చేస్తున్నరు?"

"నా బొమ్మ నేను తీసేస్తున్న అన్నా. అందరికీ ఫికర్ తీరుతది."

"మీ బొమ్మ మీ ఇంట్ల ఉంటది. గోడ మీదికి వచ్చినంక అందరిది."

ఆ గోలకు మాస్టారు పైనుంచి చెప్పుల్లేకుండా దిగి వచ్చారు. వచ్చి, వ్యాపారి పక్కనే నిలబడ్డారు. "ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వేసేవరకే నీ హక్కమ్మా. చెరపడానికి నువ్వెవరు?"

స్టూలు మీద బ్రష్ పట్టుకుని నిలబడ్డాను. తెల్లరంగు చుక్కలు నా చీర మీద పడుతున్నాయి. కింద వాళ్ళిద్దరూ నన్ను వదిలేసి, ఆమె ఎవరన్న దాని మీద మళ్ళీ మొదలుపెట్టారు. "లక్ష్మి" అని ఒకరు, "వలస" అని ఒకరు. నేను స్టూలు దిగడం కూడా వాళ్ళు చూడలేదు. ఆ రంగు మా వంటింటి గోడకు వేశాను.

ఈ మధ్య లక్డీకాపూల్ నుంచి ఒకావిడ వెతుక్కుంటూ వచ్చింది. బొమ్మను ఫోన్లో చూసిందట, వాళ్ళ బిల్డింగ్‌లో అలాంటిదే కావాలట. గోడ ముందు నిలబడి నన్నే అడిగింది: "మేడమ్, ఈమె బడి బస్సులో వచ్చే పిల్లవాడి కోసం చూస్తోంది కదూ?"

కాదని చెప్పే ఓపిక నాలో మిగల్లేదు. "ఔనమ్మా, అంతే" అన్నాను.

ఆవిడ మొహం వాడిపోయింది. "అంతేనా? ఇంకా ఏదో ఉంటుందనుకున్నా" అని, ఇంట్లోవాళ్ళతో మాట్లాడి చెబుతానని వెళ్ళిపోయింది. మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.