పొదగని కోళ్ల కోసం రేగొండ ప్రయాణం

ఎనభైల మొదట్లో జనగామ దగ్గరి కోళ్ల ఫారంలో గుడ్ల దిగుబడి పెంచడం నా ఉద్యోగం. నాటుకోడి పది పన్నెండు గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంటుంది. మేం తరతరాలుగా ఏరి తయారుచేసిన పెట్ట కూర్చోదు, పెడుతూనే ఉంటుంది. దాన్ని చూసుకుని నాకు చాలా గర్వం. రేగొండ దగ్గరి ఒక తండాకు ఆ పెట్టలనూ పుంజులనూ ఇచ్చిన ఏడాదిన్నరకు, పొదిగించాలని దాచిన గుడ్లన్నీ మురిగిపోతున్నాయని కబురొచ్చింది. నేను చెప్పినట్టు చేసి ఉండరని విసుక్కుంటూ బయలుదేరాను.

ఉదయం ఆరింటికి జనగామలో బస్సెక్కి హన్మకొండలో దిగాను. అక్కడి నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి బస్సు. రెండు టికెట్లూ కలిపి పది రూపాయల లోపే. డ్రైవర్ నా మందుల పెట్టె చూసి డాక్టరా అని అడిగాడు. కోళ్లకు అన్నాను. “జర మా ఇంటికి గూడ రాండ్రి సారూ, మా కోడి తింటది గని గుడ్డు పెట్టది” అని నవ్వాడు. పదకొండుకు రేగొండలో దిగి, చాయ్ తాగి, తండాకు మూడు మైళ్లు నడిచాను.

కోళ్లు తీసుకున్న జమ్లి పొయ్యి పక్కన గంప చూపించింది. ఊక మీద గుడ్లు, పైన పాత చీర. “ఒక్క కోడి గూడ కూసుంటలేదు సారూ. గంప మూసిపెడితె తన్నుకుంట బయటికొస్తయి. ఏం జెయ్యాలె, పొయ్యి కాడ పెట్టిన.”

“ఈ జాతి పొదగదక్కా. నాటుకోడి కింద పెట్టాలి.”

“నాటుకోడి యాడిది? జాతి కలుస్తది, ఒక్కటి గూడ ఉంచొద్దన్నది మీరే గద! తండ తండంత కోసుకొని తిన్నం, అంగట్ల అమ్మినం. ఇవి ముసలియైతున్నయి. పిల్లలు లేకుంటె వచ్చే ఏడు నా ఇంట్ల కోడే ఉండది.”

నిజమే, అన్నది నేనే. మా ఫారంలో పొదిగే యంత్రం ఉంది, తండాలో కరెంటే లేదు. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మకూ నాకూ తేడా ఏముంది? చాలా సిగ్గేసింది.

వెంటనే రేగొండకు వెనక్కి నడిచి ఇల్లిల్లూ అడిగాను. పొదుగుకొచ్చిన కోడి ఒక అవ్వ దగ్గర దొరికింది. “కోడిని అమ్మను. పాలుకైతె ఇస్త. లేసిన పిల్లలల్ల సగం నాయి” అంది. ఆ కోడి దారంతా నా చేతులు పొడిచింది. తండాలో తాజా గుడ్లు పెట్టగానే ఈకలు ఉబ్బించి కూర్చుంది.

ఇరవై ఒకటో రోజు సెలవు పెట్టి అవ్వను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. తొమ్మిది పిల్లలు. నాలుగు అవ్వకు, నాలుగు జమ్లికి. తొమ్మిదోదాన్ని కూడా జమ్లి అవ్వ ఒళ్లోనే పెట్టింది. “గుడ్డు నాదేనాయె గని, ఇరవై దినాలు కూసున్నది ఆమె కోడి గద సారూ” అంది.

కోడి పొదుగుకు కూర్చోకుండా చేయడానికే నేను పదేళ్లు చదివాను. గుడ్లు పెరిగాయి, అందులో అబద్ధం లేదు. కానీ నాటుకోడిని తీసేయమని ఆ తర్వాత ఏ ఊళ్లోనూ చెప్పలేదు. మేలుజాతి కోళ్లతో అటు వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: ఇచ్చే ఇంట్లో పొదిగే కోడి ఉందో లేదో ముందు అడగండి. లేకపోతే ఆ రోజుకు మీ కోళ్లను వెనక్కి తెచ్చేసుకోండి.