నలభై ఎనిమిదో నంబరు ఛానెలూ, ఆంటీ ఇడ్లీ స్టాండూ

టీవీ చూడటానికి కూడా ఒళ్ళు వంచాల్సిన రోజులవి. ఇప్పుడంటే సోఫాలోంచి లేవకుండా మూడొందల ఛానెళ్ళు తిప్పి, చూడటానికి ఏమీ లేదని విసుక్కుంటున్నాం గానీ, ఎనభైల మొదట్లో నేను చదువుకున్న మిడ్‌వెస్ట్ ఊళ్ళో ఛానెళ్ళు నాలుగంటే నాలుగు. వాటిలో ఒకదానికి మాత్రం ఊళ్ళో గుడికున్నంత గౌరవం ఉండేది. మా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటలు చూపించేది అదే మరి. నాకా, అమెరికా వెళ్ళేదాకా కబడ్డీ, క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. అక్కడికెళ్ళాక మొదటి మూడు నెలలు నాతో ఎవరూ అయిదు నిమిషాలు మాట్లాడింది లేదు. ఓ సోమవారం పొద్దున ల్యాబ్‌లో ఎవరో "నిన్న ఆట చూశావా?" అని అడిగితే, చూడకపోయినా "ఆహా, ఏం ఆట!" అన్నాను. దాంతో ఓ ముప్పావుగంట మాట్లాడేశారు. ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఈ దేశంలో మనిషిగా బతకాలంటే బాస్కెట్‌బాల్ చూడక తప్పదని.

నాకు ఆట నేర్పింది మా అమెరికన్ ఇంటి ఓనరు మేజరు గారు. (ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు, మిలిటరీ మొహం ఎరగరు. ఆ నడక చూసి మా మట్టి అన్న పెట్టిన పేరది.) మట్టి అన్న నా రూమ్మేటు. వరంగల్ మనిషి. మట్టి గుణాల మీద ఆరేళ్ళుగా థీసిస్ రాస్తున్నాడు, మట్టి మాత్రం ఇంకా ఓ కొలిక్కి రాలేదు. కింద మేజరు గారు, పై వాటాలో మేమిద్దరం. ఆట ఉన్నరోజు ముగ్గురం కింద ఆయన పాత టీవీ ముందు కూర్చునేవాళ్ళం. ఆట చెప్పేవాడిది గరగరలాడే గొంతు. పాతికేళ్ళుగా అదే గొంతట. మేజరు గారి భార్య చనిపోయిన ఏడాది ఆ ఇంట్లో వినిపించిన మనిషి గొంతు అదొక్కటేనని ఆయనే ఒకసారి చెప్పారు.

అలాంటిది, ఓ శీతాకాలం మొదట్లో యూనివర్సిటీ వాళ్ళు ఆటల్ని ఆ ఛానెల్ నుంచి తీసేసి, అరవై మైళ్ళ అవతల ఊళ్ళో కొత్తగా పెట్టిన నలభై ఎనిమిదో నంబరు ఛానెల్‌కి ఇచ్చేశారు. ఊరు భగ్గుమంది. మంగలి షాపతను యూనివర్సిటీ ఆఫీసు వాళ్ళకి క్షవరం చెయ్యనని బోర్డు పెట్టాడు. పేపర్లో ఉత్తరాలే ఉత్తరాలు. మా వీధి చివర చర్చివాళ్ళు "మా దేవుడు ఛానెల్ మారలేదు, ఆదివారం పది గంటలకు రండి" అని గుమ్మం ముందు రాసిపెట్టారు. కొత్త ఛానెల్లో ఆట చెప్పేవాడి గొంతు తేనె పూసినట్టుంటుందని, బాస్కెట్‌బాల్‌కి తేనె ఎందుకని జనం మండిపడ్డారు. మేజరు గారైతే "ఈ ఇంట్లో నలభై ఎనిమిది చూడబడదు" అని పెద్దక్షరాలతో అట్ట మీద రాసి, కర్రకి కొట్టి, ఇంటి ముందు గడ్డిలో పాతారు. నిజానికి ఆయన టీవీకి అంత పెద్ద నంబరు తిప్పే చక్రమే లేదు. అందని ద్రాక్ష పుల్లన అన్న సంగతి ఆయనతో అనే ధైర్యం మాకు లేదు.

మా పై వాటాలో ఉన్న టీవీకి ఆ చక్రం ఉంది గానీ, తిప్పితే తెర మీద తెల్లచుక్కల మంచు తప్ప ఏమీ కనిపించేది కాదు. బయట మంచు, లోపల మంచు. అన్న యాంటెన్నాకి కోటు హ్యాంగరు కట్టి చూశాడు, అల్యూమినియం కాగితం చుట్టి చూశాడు, చివరికి నన్ను కట్టి కూడా చూశాడు. లాభం లేకపోయింది.

ఇక్కడ ఆంటీ గురించి చెప్పాలి. ఆవిడ మా ఊరి పెద్దాసుపత్రిలో నర్సు. భీమవరం వైపు మనిషి. ప్రతి శనివారం సాయంత్రం వాళ్ళింట్లో తెలుగు ప్రార్థన కూడిక జరిగేది. చుట్టుపక్కల యాభై మైళ్ళలో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ వచ్చేవి. మాది గుంటూరు దగ్గర చర్చి కుటుంబం కనుక నేను భక్తితో వెళ్ళేవాణ్ణి. (భక్తి అంటే ప్రార్థన అయ్యాక పెట్టే ఇడ్లీలు.) ఆవిడ పెట్లో చీరలు తగ్గించి మరీ తెచ్చుకున్న నాలుగు రేకుల స్టీలు ఇడ్లీ స్టాండు ఆ కూడికకి ప్రాణం. ఓ శనివారం మిగిలిన ఇడ్లీలు ఇంటికి పట్టుకెళ్ళమని, డబ్బా కనపడక, ఆ స్టాండుతో సహా నా చేతిలో పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం, ఖాళీ అయిన స్టాండుని యథాలాపంగా టీవీ మీద పెట్టాను. మంచులోంచి ఓ చెయ్యి కనిపించింది. ఆ చేతిలో బంతి.

"గట్లనే ఉంచు! కదిలియ్యకురా, నీ కాళ్ళు మొక్కుత!" అని అన్న కేకేశాడు. గబగబా టీవీ వెనకనున్న తీగ ఊడదీసి ఇడ్లీ స్టాండు పిడికి చుట్టాడు. బొమ్మ అద్దంలా వచ్చేసింది. ఆరేళ్ళ చదువులో అన్న కనిపెట్టినది ఏదైనా ఉందంటే అదే.

అరగంటలో మేజరు గారు మెట్లెక్కి వచ్చారు, కుళాయి కారుతోందేమో చూసిపోదామని. కుళాయి చూడటానికి రెండు గంటలు పట్టింది. ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం మంగలి షాపతను కూడా వచ్చాడు. అతనికి ఎదురింటి ముసలమ్మ తోడు, ఆవిడకి అల్లుడు తోడు. ఇంటి ముందు చూడబడదని బోర్డు, ఇంటి వెనక మెట్ల మీద జనం. ఆ ఛానెల్ పేరెత్తకూడదని మేజరు గారు షరతు పెట్టారు. అందరూ దాన్ని "అది" అనేవాళ్ళు, మనవైపు పొలంలో పామునన్నట్టు.

ఇంతలో ఆంటీ ఫోను. "ఏరా అబ్బాయ్, నా స్టాండేదిరా?"

నిజం చెప్పవచ్చు కదా? చెప్పలేదు. నా నోట్లోంచి అప్రయత్నంగా ఓ మాట ఊడిపడింది. "అన్నకి కడుపులో బాగోలేదు ఆంటీ. ఇడ్లీ తప్ప ఏదీ ఇమడట్లేదు."

ఇడ్లీ తప్ప ఏదీ ఇమడదంటే తెలుగువాళ్ళలో రాతిగుండైనా కరుగుతుంది, ఆంటీది వెన్న. "అయ్యో బిడ్డా, ఉంచుకోండి, నేనేదో చూసుకుంటాలే" అంది. చూసుకోవడమంటే ఉప్మా. మూడు శనివారాలు కూడికలో ఉప్మాయే. యాభై మైళ్ళు మంచులో డ్రైవ్ చేసుకొచ్చినవాళ్ళకి ఉప్మా పెడితే వాళ్ళ మొహాలెలా ఉంటాయో మీరు ఊహించుకోగలరు. పైగా ప్రతి కూడికలోనూ ఆంటీ కళ్ళు మూసుకుని, "ప్రభువా, తల్లికి దూరంగా ఉన్న ఆ బిడ్డ కడుపును నీ హస్తంతో ముట్టు తండ్రీ" అని ప్రార్థించేది. (అన్న మంగళవారం హనుమంతుడికి మొక్కే మనిషని ఆవిడకి తెలుసు. కడుపునొప్పికి మతం లేదని ఆవిడ నర్సింగు సిద్ధాంతం.) అందరూ "ఆమేన్" అనేవాళ్ళు. నేనూ అనేవాణ్ణి, కాస్త మెల్లిగా.

నాలుగో శనివారం ఫైనల్. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆట. ఖర్మకొద్దీ ఆ సాయంత్రమే గుంటూరు నుంచి వచ్చిన పాస్టరుగారు కూడికలో వాక్యం చెప్పబోతున్నారు, నలభైమందికి ఇడ్లీలు కావాలి. ముందురోజు ఆంటీ ఫోన్ చేసి, రేపు పొద్దున్నే స్టాండు తెచ్చిమ్మంది. ఒక్క పూట ఆగమంటే సరిపోయేది. కానీ నేను, "అన్నకి మరీ ఎక్కువైంది ఆంటీ, మంచం దిగట్లేదు" అన్నాను. నర్సుతో అనకూడని మాట అదొక్కటే అని అప్పుడు తట్టలేదు.

ఆట చివరి నాలుగు నిమిషాల్లో ఉంది. మేం రెండు పాయింట్లు వెనక. పదిహేనుమంది నేల మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. తలుపు తోసుకుని ఆంటీ వచ్చింది, ఓ చేతిలో బీపీ చూసే సంచీ, ఇంకో చేతిలో జావ పోసిన ఫ్లాస్కు. రోగి కోసం చూసింది. రోగి మధ్యలో బాసింపట్లు వేసుకుని పిజ్జా నాలుగో ముక్క కొరుకుతున్నాడు. ఆవిడ కళ్ళు అన్న మీంచి నా మీదకి, నా మీంచి టీవీ మీదకి, టీవీ మీద మెరుస్తున్న నాలుగు రేకుల మీదకి వెళ్ళాయి.

"నా ఇడ్లీ స్టాండు!" అంటూ ఒక్క ఊపున దాన్ని పైకెత్తింది. తీగ ఊడలేదు సరిగదా, బొమ్మ మునుపెన్నడూ లేనంత స్పష్టంగా వచ్చింది. ఆటగాళ్ళ చెమట చుక్కలు కూడా కనపడ్డాయి. గది గదంతా "కదలొద్దు!" అని అరిచింది. మేజరు గారు లేచి, టోపీ తీసి గుండెకి ఆనించుకుని, "అమ్మా, నాలుగు నిమిషాలు. ముసలివాణ్ణి అడుగుతున్నాను" అన్నారు. ముసలివాళ్ళు బతిమాలితే కాదనడం ఆంటీకి డ్యూటీలోనే అలవాటు లేదు. స్టాండు పైకెత్తి పట్టుకుని నిలబడింది. చెయ్యి కదపలేదు గానీ, నోరు కదపకూడదని ఎవరూ అనలేదుగా!

"ఒరేయ్ సన్నాసీ, ఏం పోయేకాలంరా నీకు! మూడు వారాల నించి జనానికి ఉప్మా పెట్టలేక నా మొహం చెల్లట్లేదు. డాక్టరుగారి భార్య మొహం మీదే అడిగేసింది, ఇవాళా ఉప్మానేనా సిస్టర్ అని. నువ్విక్కడ నా స్టాండుకి పలుపుతాడు కట్టి టీవీకి కడతావా? మూడో రేకు సొట్టబోయింది చూడు! మీ అమ్మకి ఉత్తరం రాశాను కదరా, మీ వాడు బంగారం వదినా అని! నా చేతులు పడిపోనూ!"

ఆవిడ తిడుతున్నకొద్దీ మావాళ్ళు బంతులు వేస్తున్నారు. ఊపిరి తీసుకోవడానికి ఆగింది, అవతలివాళ్ళు ఒకటి వేశారు. తెలుగు ముక్క రాని మేజరు గారు నా మోచెయ్యి పట్టుకుని, "ఆ ప్రార్థన ఆపొద్దని చెప్పు నాయనా, పనిచేస్తోంది" అన్నారు.

"ఆంటీ, ఇంకొంచెం కానివ్వమంటున్నారు" అన్నాను.

"ఎవడ్రా ఆ మాటన్నది?" అని ఆవిడ మళ్ళీ అందుకుంది. ఆ మాట ఇంకో రెండు నిమిషాలకి సరిపోయింది. నా తర్వాత అన్నని, అన్న తర్వాత వాడి మట్టిని, మట్టి తర్వాత మా ఇద్దరికీ వీసాలిచ్చిన మహానుభావుణ్ణి తిట్టింది. పక్కనున్న ముసలమ్మ కళ్ళు మూసుకుని "ఆమేన్" అంటోంది. మేం ఒక పాయింటు ముందున్నాం. ఇంక పది సెకన్లు.

అప్పుడు ఆవిడ చూపు తను తెచ్చిన జావ ఫ్లాస్కు మీద పడింది. గొంతు తగ్గిపోయింది. "మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నానురా వాడి కడుపు కోసం. మొన్న డ్యూటీలో కళ్ళు తిరిగితే, మంచినీళ్ళు తాగి నిలబడ్డాను" అంది.

గదిలో హాహాకారాలు. మేం ఓడిపోయాం. ఆ చివరి బంతి ఎలా పడిందో గదంతా చూసింది, నేను తప్ప. దాని కోసమే ఇన్ని అబద్ధాలాడిన నేను ఆ క్షణంలో నేల చూస్తున్నాను. జీవితంలో అంత సిగ్గు నాకు మళ్ళీ వెయ్యలేదు.

మేజరు గారు ఆవిడ చేతిలోంచి స్టాండు మెల్లిగా దించి, "మీరు చేయగలిగింది చేశారమ్మా" అన్నారు. ఆంటీ తీగ విప్పుకుని కారెక్కింది. నేనూ వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాను. ఆవిడ దిగమనలేదు. ఆ సాయంత్రం నలభైమందికి ఇడ్లీలు వేసింది నేనే. రేకు రేకుకీ వేళ్ళు కాలాయి.

కూడికలో దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యాలు చెప్పే సమయం రాగానే లేచి నిలబడ్డాను. "మా అన్నకి కడుపునొప్పి లేదండీ" అన్నాను. అంతే. "స్తోత్రం!" అని డాక్టరుగారు లేచారు. "దేవునికి మహిమ!" అన్నారు గుంటూరు పాస్టరుగారు. ఎవరో పాట ఎత్తుకున్నారు, చప్పట్లు మొదలయ్యాయి. హాయిగా కూర్చుండిపోవచ్చు. ఆంటీ వంటింటి గుమ్మంలోంచి నన్నే చూస్తోంది. పాట అయ్యేదాకా నిలబడి, "తగ్గడం కాదండీ. అసలు రాలేదు" అని మొత్తం చెప్పేశాను, ఉప్మాతో సహా. డాక్టరుగారి భార్య నా వంక చూసిన చూపులో మూడు వారాల ఉప్మా ఉంది.

అందరూ తినేటప్పుడు నేను వంటింట్లోనే నిలబడ్డాను. ఆంటీ కంచంలో నాలుగు ఇడ్లీలు పెట్టుకుని వచ్చి నా చేతికిచ్చింది.

"నిజం చెప్పి అడిగితే ఇవ్వకపోదునా?"

"ఇచ్చేవారా ఆంటీ?"

నా కంచంలో ఇంత కారప్పొడి వేసింది. "ఇవ్వకపోదును" అంది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారప్పొడి ఘాటని చెప్పాను. అదే ఆవిడతో ఆడిన చివరి అబద్ధం.

ఇప్పుడు నా వయసు అప్పటి ఆంటీ వయసుని ఎప్పుడో దాటిపోయింది. మా చర్చికి వచ్చే కుర్రాళ్ళు నన్ను అంకుల్ అంటారు. రానందుకు సాకు, కట్టుకథ, కల్పించిన జ్వరం, వాళ్ళు నోరు తెరవగానే నాకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడని మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది. కానీ ఎవరైనా నిజంగానే కడుపునొప్పి అన్నా, పాపం అనుకుని, ఓ టాబ్లెట్ పేరు చెప్పి, నా అన్నం నేను తినేస్తాను. అబద్ధం పట్టుకోవడం నేర్చుకున్నాను గానీ, ఇంకొకరి కడుపు కోసం నా కడుపు మాడ్చుకోవడం ఈ వయసుకీ నాకు చేతకాలేదు.