మార్కన్నయ్య వర్ణించని దీపం

మా మార్కన్నయ్యకి ఒక్కటే జబ్బు. ఎవరికీ ఏమీ తెలియదనుకుని అన్నిటినీ, అందరినీ పరిచయం చేస్తాడు. ఆటో ఎక్కితే చాలు, "బిందూ, ఇతను డ్రైవరు. ముందు సీట్లో ఉంటాడు. పిలిస్తే పలుకుతాడు. ప్రస్తుతం పనిచేస్తున్నాడు" అంటాడు. ఆ డ్రైవరు అద్దంలోంచి నావైపు జాలిగా చూస్తాడు.

తప్పు ఉద్యోగానిది. చిలకలూరిపేటలో మిల్లులకి అలారం పెట్టెలు చేసే కంపెనీ మాది. పెట్టె లోపల కెర్నల్ ఉంటుంది, అంటే పెట్టెని నడిపే అసలు ప్రోగ్రాము. మహా తెలివైనదే గానీ, బోర్డు మీద ఏముందో తనంతట కనుక్కోలేదు. తీగలన్నీ కలిసే బస్ కంట్రోలర్ ఎక్కడుంది, దాని తీగలకి ఏ సెన్సర్, ఏ సైరన్ ఏ అడ్రసులో ఉన్నాయి, ఏది పనిలో ఉంది, అన్నీ ఫైల్లో వర్ణించి చెప్పాలి. ఆ వర్ణన అన్నయ్యది. ఆయన చెప్పనిది కెర్నల్ దృష్టిలో లేనట్టే.

"చెప్పకపోతే దానికెట్టా తెలుస్తుందమ్మా?" ఇదీ ఆయన ఊతమాట.

ఓసారి పాస్టరుగారు ఇంటికొచ్చారు. "మా మావయ్య ఇమ్మానుయేలు గారండి. అడ్రసు వాలుకుర్చీ. ప్రస్తుతం పనిచేయడం లేదు" అన్నాడు అన్నయ్య. కునుకులోంచి మావయ్యగారు ఉలిక్కిపడి లేచారు. "ఎవుర్రా పనిచేయంది?"

"ప్రభువా, ఈయన నోటికి స్విచ్చి పెట్టడం మర్చిపోయావు!" అంది రెబ్కా వదిన.

మొన్నామధ్య ఒక జిన్నింగ్ మిల్లులో పెట్టె బిగించడానికి వెళ్లాం. పత్తి కదా, నిప్పురవ్వ పడితే అంతే సంగతులు. అన్నయ్య కూలీలందరి వివరాలూ అడుగుతూ తిరిగాడు. పత్తిలో చెత్త ఏరే సర్దార్‌బీ వెనకనుంచి ఎంత పిలిచినా పలకలేదు. ఎదురుగా వెళ్లి నిలబడితే ఆయన పెదాలు చూసి గొంతు తగ్గించింది.

"మిల్లు రొదకి చెవులు పోయినయ్ బాబూ. అయ్యగారికి తెలిస్తే పనిలోంచి తీసేస్తారు. ఎవరికీ చెప్పమాక."

చెప్పొద్దట! ఎవరితో? మా అన్నయ్యతో! ఆవిడ ఉద్యోగం ఆ పూటతో సరి అనుకున్నాను.

పరీక్ష రోజు సైరన్ కూసింది. అదే క్షణాన సర్దార్‌బీ ఎదురుగోడ మీద ఎర్రదీపం గిర్రున తిరిగింది. కొంగు నడుముకి దోపి అందరికంటే ముందు గేటు దాటింది ఆవిడే!

మిల్లు యజమాని సీతారామాంజనేయులు గారు రొప్పుతూ వచ్చారు. "ఏమయ్యా, ఆ దీపం మనం అనుకోలేదే? అక్కడే ఎందుకు పెట్టావు?"

ఆ దీపాన్ని కెర్నల్‌కి అడ్రసుతో సహా వర్ణించినవాడు, యజమానికి కారణం వర్ణించకుండా ఉంటాడా! అన్నయ్య నోరు తెరిచాడు. సర్దార్‌బీ ఆ పెదాలకేసే చూస్తోంది.

"ఊరికేనండి" అన్నాడు.

అంతే! ఇంకొక్క ముక్క లేదు. "బానే ఉంది, ఆ పక్కన కూడా ఒకటి పెట్టు" అనేసి యజమాని వెళ్లిపోయారు. సర్దార్‌బీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కీ ఎక్కగానే అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. ఈసారి నేనే ముందు అందుకున్నాను.

"డ్రైవరు గారూ, ఈయన మార్కన్నయ్య. వెనక సీట్లో ఉంటాడు. చాలా బాగా పనిచేస్తున్నాడు."