లేతకాయలు ఏరడం

మా ఇంట్లో కూర అంటే పప్పు. పప్పు కాకపోతే వేరుశనగ పచ్చడి. సంగటి నమిలేది కాదు, మింగేది. దానితోపాటు గొంతులోకి మెత్తగా జారేది ఏదైనా చాలు. ఏ కాయ తెచ్చినా నా భార్య పప్పులో వేసి ఎనిపేది. ఆమె పోయాక నేనూ అదే చేశాను. ఒక్కడి పొట్ట, ఎట్లా నింపినా నిండుతుందని నా లెక్క.

మా అమ్మాయి తొలి కాన్పుకు వచ్చినప్పుడు ఆ లెక్క తప్పింది. తల్లి లేని పిల్ల గదా, కాన్పు తమ ఇంట్లోనే చేస్తామని వియ్యపురాలు మర్యాదగానే అడిగింది. పుట్టింట్లోనే చేస్తానని నేను పట్టుబట్టాను. అనవసరంగా పౌరుషానికి పోయానని తర్వాత రోజూ పొయ్యి ముందు నిలబడి అనుకునేవాణ్ణి.

మండల ఆసుపత్రిలో నర్సమ్మ పరీక్ష చేసి, అమ్మాయికి రక్తం బాగా తక్కువగా ఉందని చెప్పింది. మాత్రలు మింగాలట, వాటితోపాటు ఆకుకూరలు, రకరకాల కూరగాయలు తినాలట. వచ్చే నెలకు పెరగకపోతే కాన్పుకు అనంతపురం పెద్దాసుపత్రికి పోవాలి, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. ఈ మాట వియ్యపురాలి చెవిన పడింది. నెల చూస్తానని, పెరగకపోతే వచ్చి పిలుచుకుపోతానని ఫోన్లో చెప్పింది. ఆమె మాటలో తప్పేమీ లేదు. అందుకే నాకు ఇంకా మంటెత్తింది.

సంచి పట్టుకుని బెళుగుప్పలో కూరగాయల అంగడి ముందు కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచి వేరుశనగ పండించినవాణ్ణి. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి, అప్పుడే పంట చేతికొచ్చినట్టు. కూరగాయల్నీ అట్లాగే ఏరాను. బొటనవేలంత లావు బెండకాయలు, గింజ ఉబ్బిన చిక్కుళ్లు, మోచేతి పొడవు బీరకాయలు. అమ్మే ఆమె మారు మాట్లాడకుండా తూచి ఇచ్చేది. ముదురుకాయలే వెతుక్కునే బేరగాడు ఆమెకు మాత్రం ఎప్పుడు దొరకాలి.

రకరకాలు అన్నారు కాబట్టి పప్పులో కలపకుండా దేనికది విడిగా వండాను. కాయలు కోయడానికే కత్తి మొరాయించేది. ఉడికించి, ఉడకలేదని నీళ్లు పోసి మళ్లీ ఉడికించేవాణ్ణి. పొద్దుటి గిన్నెలు కడిగేసరికి మధ్యాహ్నం వంటకు వేళయ్యేది. నడుము పట్టేసేది. సేద్యం చేసి ఇంత అలిసిపోలేదు. సేద్యంలో వాన రాకపోతే గట్టు మీద కూర్చోవచ్చు. పొయ్యి దగ్గర ఆ సౌకర్యం లేదు. కూరలన్నీ అమ్మాయికే పెట్టి, నాకోసం వేరే వండుకునే ఓపిక లేక రాత్రి మిగిలిన పప్పూ సంగటీ తిని పడుకునేవాణ్ణి.

అమ్మాయి పళ్లెంలో మాత్రం ఏమీ మిగిలేది కాదు. అది చూసి ఊరట పడేవాణ్ణి. ఒకరోజు పెరట్లోకి పోతే పక్కింటి మేక మా గోడ దగ్గర నిలబడి, నాకోసమే కాచుకున్నట్టు అరిచింది. దాని కాళ్ల దగ్గర నమిలి ఊసేసిన బెండకాయ పీచు, చిక్కుడు తొక్కలు పడి ఉన్నాయి. వెనక్కి తిరిగితే అమ్మాయి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది.

"నమలలేక పోతాండా నాయనా. నువ్వు అంత చెమట కార్చి చేస్తాండావు, ఎట్లా చెప్పేది?"

కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక మేకను తరిమాను. తర్వాత గిన్నెలో మిగిలిన బీరకాయ ముక్క నేనే నోట్లో వేసుకున్నాను. ఎంత నమిలినా పీచు పళ్లలోనే తిరుగుతోంది. అప్పటికే నెలలో సగం గడిచిపోయింది. భయం వేసింది.

మరునాడు అంగడి ఆమెను, ముదురుకాయలని ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదని నిలదీశాను. ఆమె ఏమీ తడబడలేదు.

"విత్తనానికి కొంటాండావేమో అనుకొంటి. తినేదానికి ముదురుకాయ ఎవురు కొంటారన్నా?"

అయినా ఆ రోజు దగ్గరుండి ఏరించింది. బెండకాయ కొన తుంచితే టక్కున విరగాలి. సొరకాయకు గోరు గుచ్చితే దిగాలి. వంకాయ చేతిలో తేలిగ్గా ఉండాలి. వినడానికి సులువే గానీ నాకు మనసు ఒప్పలేదు. గింజ పట్టకముందే కోసినది మా చేలో అయితే పోయిన పంట. వాన ముఖం చాటేసిన ఏళ్లలో అట్లాంటి పిందెల్ని పీకి పశువులకు వేశాం. అవే ఏరి కన్నబిడ్డకు వండమంటోంది ఆమె. నా చేయి ముదురుకాయ వైపే పోయేది, దాన్ని ప్రతిసారీ వెనక్కి లాక్కోవాల్సి వచ్చేది.

లేతకాయలు తొందరగా ఉడికాయి. అమ్మాయి నా ఎదురుగానే కూర్చుని తిన్నది. పొన్నగంటాకు, మునగాకు, మేం మటిక్కాయలనే గోరుచిక్కుళ్లు, చివరికి కాకరకాయ కూడా తిన్నది. ఇది చాలుతుందో లేదో ఇద్దరికీ తెలియదు. ఆసుపత్రికి పోవాల్సిన దినానికి ముందే, అత్త వస్తే పోవడానికని అమ్మాయి బట్టల సంచి సర్దిపెట్టుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

నర్సమ్మ ఈసారి పరీక్ష చేసి, రక్తం పెరిగింది, పెద్దాసుపత్రికి పోయే పని లేదు, కాన్పు ఇక్కడే చేద్దామంది. నేను బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడ్డాను. సంతోషమే. కానీ ఇన్ని దినాల అలసట అంతా అప్పుడే మీద పడింది. కళ్ల నీళ్లు కారిపోతున్నా తుడుచుకునే ఓపిక లేదు. పక్కనున్న ముసలామె, బిడ్డకేమైనా అయిందా అని మెల్లగా అడిగింది. బాగుందన్నట్టు తలాడించాను.

అమ్మాయి వచ్చి నా చేయి పట్టుకుంది.

"లే నాయనా. కూరగాయల అంగళ్లు ఎత్తేస్తారు."