పొట్టి రేషియో

తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఏ లారీ వెనక యాక్సిల్ కూత పెట్టినా జగ్గారావు గారి షెడ్డుకే తెచ్చేవారు. నలభై ఏళ్ళుగా ఆయనది ఒక్కటే పని. ఇంజిన్ తిప్పుడుని వెనక చక్రాలకు అందించే డిఫరెన్షియల్ విప్పడం, అందులోని పళ్ళ చక్రాలు చప్పుడు చేయకుండా తిరిగేలా మళ్ళీ బిగించడం. కొలతలకు సాధనాలున్నా ఆఖరి తీర్పు మాత్రం ఆయన చెవిదే. అందుకే ట్రయల్‌కి వెళ్ళినప్పుడు బండిలో ఎవరూ నోరు మెదపకూడదు. ఓనరైనా సరే, తుమ్ము వస్తే ఆపుకోవాల్సిందే.

ఇప్పుడాయన బాగా అలిసిపోయారు. నడుము సంగతి సరే, దానికి బెల్టు ఉంది. సన్నటి శబ్దాలు వినపడడం మానేసి రెండేళ్ళయింది. కుక్కర్ విజిల్ కూడా వినపడలేదా అని భార్య మంగాదేవి దెప్పితే, ఏదో ఆలోచనలో ఉన్నానని తప్పించుకున్నారు. చెవి పోయిందని తెలిస్తే షెడ్డుకి ఒక్క బండి రాదు. ఆ భయం ఆయన్ని పని కంటే ఎక్కువ నలిపేస్తోంది.

అలాంటి రోజుల్లో, కైకలూరులో రొయ్యల చెరువులున్న ఫణీంద్ర ఒక పాత స్పోర్ట్స్ కారు తెచ్చాడు. సీట్లు రెండే, ముచ్చట మాత్రం పది మందికి సరిపడా ఉంది.

"పై స్పీడు నాకెందుకండీ? మా వైపంతా మలుపులు, స్పీడ్ బ్రేకర్లూనండి. మలుపు దాటగానే దూకాలండీ," అన్నాడు.

"అయితే పొట్టి రేషియో వెయ్యాలండి. ఇప్పుడు పెద్ద చక్రానికి ముప్ఫై తొమ్మిది పళ్ళు. నలభై మూడు పళ్ళ జత వేస్తే పికప్ వస్తుంది. హైవే మీద మాత్రం ఇంజిన్ గోల పెడుతుంది, పెట్రోలూ తాగుతుంది. తర్వాత నన్ననకండి."

"వేసేయండీ."

నాలుగో రోజు పెంటపాడు రోడ్డు మీద ట్రయల్. ఫణీంద్ర నడుపుతుంటే జగ్గారావు గారు పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కారు ప్రతి మలుపు తర్వాతా కోరినట్టే దూకింది. పెంటపాడు దాటాక ఆపించారు.

"చూశారా, కిక్కురుమనలేదు," అన్నారు.

ఫణీంద్ర ఇబ్బందిగా స్టీరింగ్ నిమిరాడు. "మాట్లాడొద్దన్నారని ఊరుకున్నానండి. స్పీడు అరవై దాటిన దగ్గర్నించీ ఈల వేస్తూనే ఉందండి. పొట్టి రేషియో అంటే ఇంతేనేమో అనుకున్నాను. మీకు వినపళ్ళేదాండీ?"

అవునండి, పొట్టి రేషియోకి ఇంతేనండి అంటే చాలు, ఫణీంద్ర నమ్మేస్తాడు. కానీ రెండేళ్ళుగా దాచీ దాచీ జగ్గారావు గారికి విసుగొచ్చేసింది.

"లేదండి. నాకు వినపట్టం లేదు. రేపు మళ్ళీ విప్పుతాను."

"అబ్బే, ఈ వయసులో మీకెందుకండీ శ్రమ? పర్లేదు, ఉండనివ్వండి," అన్నాడు ఫణీంద్ర ఎంతో మర్యాదగా.

నలభై ఏళ్ళలో జగ్గారావు గారి పనిని చూసి ఎవరూ పర్లేదు అనలేదు. ఆయనకు ఏడుపొచ్చింది. మొహం అటు తిప్పుకుని, కారు షెడ్డుకి పోనివ్వమన్నారు.