నంబరు లేని కంప్యూటరు

ఒమన్‌లోని అల్ ఖువైర్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ ఆఫీసుంది. అందులో ఖాదర్‌వలి ఉద్యోగం ఏమిటంటే, కంపెనీ సామాన్లకి నంబర్ల స్టిక్కర్లు అంటించడం. కుర్చీకో నంబరు, ఏసీకో నంబరు, స్టాఫ్ ఫ్లాట్లలో మంచాలకి, ఫ్రిజ్‌లకి, ఆఖరికి కర్టెన్ కడ్డీలకి కూడా తలా ఒక నంబరు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, జిగురు గట్టిగా ఉంటే చాలు. కానీ ఖాదర్‌వలి నడక చూసినవాళ్ళు ఒమన్‌లో సగం పనులు అతని చేతి మీదుగానే జరుగుతాయనుకుంటారు. శుక్రవారం చేపలు కొనడానికి వెళ్ళినా మెడలో ఐడీ కార్డు తియ్యడు. కడప నుంచి ఎవరైనా ఫోన్ చేసి "బాగుండావా?" అంటే, "మా కంపెనీ బాగుంది" అని మొదలుపెడతాడు.

నిజానికి అతనిదంటూ అక్కడ ఏముందని? ఫ్లాటు కంపెనీది, ఫోన్ సిమ్ము కంపెనీది, తోలే కారు కంపెనీది. పడుకునే మంచం తలవైపు అతని చేత్తో అంటించిన నంబరే ఉంది. ఆ ఇంట్లో నంబరు లేని పెద్ద వస్తువు ఒక్కటే, కంప్యూటరు. అది అతని భార్య జైనబీ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి జాకెట్ల మీద మగ్గం వర్క్ చేసి కొనుక్కున్నది. శనివారం శనివారం కెమెరా ముందు కూర్చుని, కడపలో తన చిన్నమ్మ కూతురు మున్నీ ఇంట్లో చేరే ఆడవాళ్ళకి సూది పని నేర్పిస్తుంది. ఆ పాఠాలన్నీ రికార్డు చేసి కంప్యూటర్లోనే దాచుకుంది. ఎప్పటికైనా తిరిగెళ్ళి, కడపలో తన పేరు మీద మగ్గం సెంటర్ తెరవాలని ఆమె ఆశ. ఆమె ఆశలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

ఖాదర్‌వలి నంబర్ల భక్తి ఎంత ముదిరిందో చెప్పాలంటే నర్సింగ్ సంగతి చెప్పాలి. జగిత్యాల వైపు మనిషి, ఫోర్‌మన్. పోయినేడు కంపెనీ అతన్ని ఎక్కడో దూరాన ఉన్న దుక్మ్ సైటుకి మార్చింది. అక్కడి క్యాంపులో సంసారాలకి చోటు లేదు కాబట్టి భార్య రజితని ఊరికి పంపేసి ఫ్లాటు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. సామాన్లు అప్పజెప్పించుకోవడానికి ఖాదర్‌వలి వెళ్ళాడు. పొయ్యి మీద ప్రెషర్ కుక్కరుంది, దాని మూత మీద కంపెనీ స్టిక్కరుంది.

"సార్, గా కుక్కర్ మా ఇంటామె పైసల్తోని కొన్నది. చెకింగ్‌కు వచ్చినప్పుడు మీరే చూడక అంటిచ్చిండ్రు," అన్నాడు నర్సింగ్.

"నంబరుంటే కంపెనీదే. నేను పెట్టిన రూలా ఇది?" అని ఖాదర్‌వలి కుక్కర్ని చంకలో పెట్టుకుని వచ్చేశాడు. స్టోర్లో కొన్నాళ్ళుండి, ఫ్యామిలీ ఫ్లాటుకి ఇవ్వాల్సిన సామాను కింద అది అతని వంటింటికే చేరింది. అంతా రూలు ప్రకారమే జరిగింది. జైనబీకి మాత్రం స్టోర్లో ఇచ్చారని చెప్పి ఊరుకున్నాడు.

ఇలాంటి మనిషి నిద్ర చెడగొట్టడానికి కింది ఫ్లాటు ఫయాజ్ అన్న ఒక్క మాట చాలింది. అకౌంట్స్‌లో పనిచేసే ఫయాజ్ టీకి వచ్చి, ఏదో ప్రింట్ తీసుకోవడానికి కంప్యూటర్ ముందు కూర్చుని, "అన్నా, నీది విండోస్ హోమా? ఆఫీసులో మనవన్నీ ప్రో కదా," అన్నాడు. అతను టీ తాగి వెళ్ళిపోయాడు. ఖాదర్‌వలికి తల కొట్టేసినట్టయింది. ఆఫీసులో టీ తెచ్చేవాడు చీటీలు కొట్టే కంప్యూటర్ కూడా ప్రో, తన ఇంట్లో మాత్రం హోమ్! నలుగురికి తెలిస్తే ఇంకేమైనా ఉందా?

అప్పట్నుంచి హోమ్‌లోనే ఉండాలా, ప్రోకి మారాలా అన్నదే ఆలోచన. కనబడ్డ ప్రతివాణ్ణీ అడిగాడు, డ్రైవర్ని కూడా వదల్లేదు. చివరికి ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మజహర్‌ని పట్టుకున్నాడు. మజహర్ హైదరాబాదు వాడు, దాచుకోకుండా మాట్లాడతాడు.

"ఇంట్ల ఏం జేస్తరు భాయ్ కంప్యూటర్ మీద?"

"మా ఆమె క్లాసులు చెప్తాది. నేను వీడియోలు చూస్తా."

"గంతేనా? అయితే హోమ్ చాలు. ప్రో అంటే ఆఫీసులకు. బయట్నుంచి కంప్యూటర్ల దూరి పని జేసుకోనీకి, మొత్తం కంపెనీ కింద పెట్టి నడుపనీకి. మీకు ఏం ఫరక్ పడదు. ఊకె ఎందుకు?"

ఇది కుళ్ళు కాక మరేమిటనుకున్నాడు ఖాదర్‌వలి. మంచి మాట చెప్పినవాడి మీద అనుమానపడటం అతనికి మొదట్నుంచీ ఉన్న గుణమే. ఇంటికొచ్చి జైనబీకి చెప్పాడు.

"మార్చితే ఏమొస్తాది?" అందామె సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"గౌరవం."

"నా కెమెరా పనిచేస్తాది కదా, దాన్ని కదిలించకుండా ఉంటే అదే పెద్ద గౌరవం."

ఆమె మాట గాలికి పోయింది. శుక్రవారం నమాజు నుంచి వచ్చి, బిర్యానీ తిని, ఖాదర్‌వలి కంప్యూటర్ని ప్రోకి మార్చేశాడు. మార్చాక చూస్తే అంతా ముందున్నట్టే ఉంది. అవే బొమ్మలు, అదే పాత కీబోర్డు, పప్పు మరక కూడా అలాగే ఉంది. గౌరవం ఎక్కడా కనబడలేదు. కసిగా సెట్టింగులన్నీ వెతికితే, ఇంతకుముందు లేని ఒక వరస కనబడింది. ఈ కంప్యూటర్ని మీ సంస్థలో చేర్చండి అని. ఖాదర్‌వలి కళ్ళు మెరిశాయి. మామూలు మనిషైతే ఎందుకొచ్చిన గొడవని వదిలేసేవాడు. తిండీ నీడా అన్నీ కంపెనీవే అయిన మనిషికి ఇందులో తప్పేం కనబడుతుంది? ఆఫీసు మెయిలూ, పాస్‌వర్డూ కొట్టి, కనబడ్డ ప్రతి ప్రశ్నకీ ఊఁ అనేశాడు. కంప్యూటర్ ఆగి మళ్ళీ లేచేసరికి తెరనిండా కంపెనీ గుర్తు. అతనికి ఛాతీ పొంగింది. ఫోటో తీసి వెంటనే ఫయాజ్‌కి పంపించాడు.

మర్నాడు శనివారం. కొత్త బ్యాచ్. కడపలో మున్నీ ఇంట్లో ఆడవాళ్ళంతా మగ్గాలు బిగించుకుని కూర్చున్నారు. జైనబీ కెమెరా తెరిస్తే, మీ సంస్థ దీన్ని ఆపింది అని వచ్చింది. పోనీ పాత పాఠమైనా పంపుదామని పెన్‌డ్రైవ్ పెడితే అదీ ఆపారు.

"ఏంజేసినావు దీన్ని?" అంది జైనబీ.

"సెక్యూరిటీ. పెద్ద కంపెనీల్లో అట్లనే ఉంటాది," అన్నాడు ఖాదర్‌వలి.

చివరికి ఫోనులోనే క్లాసు పెట్టారు. సూది పట్టిన చేతికి ఫోను పట్టుకోవడం కుదరదు కాబట్టి ఆ పని ఖాదర్‌వలికి పడింది. మగ్గం మీదికి వంగి, చెయ్యి చాపి, క్లాసు అయ్యేదాకా విగ్రహంలా నిలబడ్డాడు. మధ్యలో కడప నుంచి ఎవరో ఆడమనిషి, "అక్కా, కుట్టు కనపళ్ళా, బావ బొటనవేలే కనపడతాంది," అంది. అటు అందరూ నవ్వారు. జైనబీ నవ్వలేదు.

అక్కడ పని వారం మొదలయ్యేది ఆదివారమే. ఆఫీసుకి వెళ్ళగానే మజహర్ ఫోన్.

"భాయ్, మీ పేరు మీద కొత్త కంప్యూటర్ చూపిస్తున్నది. నంబర్ లేదు. ఇంటిది గిట్ల కలిపినరా ఏంది? చెప్పుర్రి, అడ్మిన్‌ల షీబా మేడమ్ సరే అంటే రెండు నిమిషాల్ల తీసేస్త."

ఒక్కసారి అవునంటే చాలు, గండం గడిచేది. కానీ ఆఫీసంతా నవ్వుతుందే!

"ఛ, నేనేమన్నా పిచ్చోడినా? కంపెనీదే."

"అయితే నంబర్ ఎయ్యుర్రి. నంబర్లు మీ పనే గద."

సాయంత్రం ఖాదర్‌వలి జేబులో స్టిక్కరుతో ఇంటికొచ్చాడు. పొయ్యి మీద కుక్కర్లో పప్పు ఉడుకుతోంది. స్టిక్కరు చూసి జైనబీ చేతిలో పని ఆపేసింది.

"నా కంప్యూటర్‌కి మీ కంపెనీ నంబరేంటికి?"

"ఊరికే, పేరుకి. అంటిస్తే అడిగేవాడుండడు. మనం వాడుకుంటానే ఉండొచ్చు."

"మనం ఊరికి పోయేటప్పుడు?"

ఎంతోమందికి గడగడా అప్పజెప్పిన రూలుని ఇప్పుడు అతనే పక్కన పెట్టేశాడు. "నేను ఊరకుంటానా? నర్సింగ్ మాదిరి కుక్కరిచ్చి చేతులు కట్టుకుంటానా?" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నా లాభం లేకపోయింది.

"ఏ కుక్కరు?"

మొత్తం చెప్పాల్సొచ్చింది. జైనబీ లేచి పొయ్యి ఆపేసింది.

"రజితక్క కుక్కర్లోనా నేను ఇన్నాళ్ళూ వండి పెడ్తాండేది? ఆమె పోతాపోతా నాకు గోరింటాకు పెట్టి పోయిందయ్యా!" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ స్టిక్కరు నీ నొసటన అంటించుకో. నా దాని మీద మాత్రం చెయ్యి పెట్టొద్దు."

ఆ పూట ఖాదర్‌వలికి అన్నం సయించలేదు. సిగ్గనేది అతనికి కొత్త, దాంతో ఏం చెయ్యాలో తెలీలేదు. పొద్దున్నే షీబా మేడమ్ ముందు నిలబడి, వచ్చీరాని హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మేడమ్ మలయాళీ, ఎప్పుడూ నవ్వని మనిషి. ఆమే ముందు నవ్వింది, తర్వాత హాలంతా నవ్వింది. మజహర్ అన్నట్టే రెండు నిమిషాల్లో తీసేశాడు. ఖాదర్‌వలికి మాత్రం ప్రో భాయ్ అనే పేరు మిగిలిపోయింది.

కెమెరా తెరుచుకున్న రోజే జైనబీ మగ్గం సూదితో కుక్కరు మూత మీది స్టిక్కరు గీకేసి, తోమి, గుడ్డలో చుట్టి అతని చేతికిచ్చింది.

"దుక్మ్ బండి పోతాది కదా, పంపించు."

"స్టోర్లో రాపిచ్చాల..."

"నంబరు యాడుంది?"

అతను తిప్పి చూశాడు. లేదు. తీసుకెళ్ళి డ్రైవర్‌కి ఇచ్చాడు. బండి చేరాక నర్సింగ్ ఫోన్ చేశాడు.

"కుక్కర్ ముట్టింది సార్. గని గిప్పుడు దీన్ని నేనేం జేసుకోవాలె? క్యాంపుల అందరం మెస్సులనే తింటం. వండేటామె ఊర్లె ఉన్నది."

ఖాదర్‌వలి అలవాటుగా "మా కంపెనీ" అని మొదలుపెట్టాడు. మాట మధ్యలోనే ఆపి, మెడలోని ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.