మొదటి ముద్దలో మందు

ఇన్నేళ్లుగా ఈ సంగతి చెప్పబోతే విన్నవాడు లేడు. పెళ్లి బంతిలో మొదలుపెడితే పక్కవాడు పప్పు తెమ్మని కేకేస్తాడు. దఫ్తరులో మొదలుపెడితే "మళ్లీ నీ కడుపు ముచ్చటేనా?" అని లేచిపోతారు. నాకు మందిచ్చిన డాక్టరుగారికి మూడు ఉత్తరాలు రాశాను. రెండు ఉర్దూలో, ఒకటి తెలుగులో. దేనికీ జవాబు లేదు. అచ్చులో ఉంటే చదువుతారేమోనని ఇలా రాస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. నాంపల్లి స్టేషను వెనక వీధిలో రెండు గదుల కిరాయి ఇల్లు. ఇంట్లో అమ్మా నేనూ. నేను సర్కారు దఫ్తరులో గుమాస్తాని. ఒక ఎండాకాలం కడుపునొప్పి వచ్చి పది రోజులు మంచం పట్టాను. నొప్పి పోతూ పోతూ అరుగుదలను కూడా వెంట తీసుకుపోయింది. ఏం తిన్నా కడుపు ఉబ్బేది, తిన్నది తిన్నట్టే నూనె తేలుతూ బయటికి పోయేది. ఇంతకంటే వివరంగా రాయను, మీరు భోంచేసి కూర్చుని ఉండవచ్చు. మూడు నెలలు తిరిగేసరికి నా షేర్వాణీ మనిషి మీద ఉన్నట్టు కాక కొక్కేనికి వేలాడుతున్నట్టు ఉండేది.

ఆబిడ్స్‌లో ఒక మేడ మీద విలాయతులో చదివొచ్చిన డాక్టరుగారు ఉండేవారు. నాలుక చూశారు. పొట్ట నొక్కారు. తూకం వేశారు. రోజుకెన్నిసార్లు పోతున్నానో అడిగారు. తర్వాత, "కడుపుల ఒక గ్రంథి ఉంటదయ్యా. అన్నం అరగనీకి రసం పంపుతది. నీ గ్రంథి పని తక్కువ చేస్తున్నది. గా రసాన్నే గోళీలు చేసి ఇస్తున్న. రెండు పూటలా, పూటకు రెండు, అన్నంతోని" అన్నారు. అంతే. ఇంకొక్క ముక్క చెప్పలేదు. పాఠకులు ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి.

కింద సీసా ఇచ్చింది కంపౌండరు. ఇవి దేనితో చేస్తారని అడిగాను.

"అడగకు సాబ్. అడిగినోళ్లు మింగరు."

ఏదో జంతువు కడుపులోదే అయ్యుంటుందని తోచి నేను మళ్లీ అడగలేదు. ఇంటికి రాగానే అమ్మ అడిగింది. ఏదో చెట్టు పసరన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేనాడిన అబద్ధం అదొక్కటే.

ఇక అరుగుదల మందు ఎలా తినాలో మా అమ్మకు ఒకరు చెప్పాలా? శొంఠి అయినా, వాము అయినా మా ఇంట్లో ఒకటే పద్ధతి. కల్వంలో మెత్తగా నూరాలి. పొగలు కక్కే అన్నం మధ్యలో గుంట చేసి అందులో వెయ్యాలి. పైన కాగిన నెయ్యి పోసి కలిపి, అదే మొదటి ముద్దగా తినాలి. నేను పుట్టినప్పటి నుంచి అలా తిన్నవాణ్ణే. విలాయతీ గోళీలకు వేరే మర్యాద ఉంటుందని ఎవరికి తడుతుంది? పై పూత గట్టిగా ఉండి కల్వానికి లొంగకపోతే అమ్మ రోకలి తెచ్చేది. సీసా ఎక్కడ పెట్టిందనుకున్నారు? పొయ్యి పైన గూట్లో. తేమ తగలకూడదని.

ఆ ముద్ద రుచి గురించి చెప్పను. వారం తిరిగేసరికి నాలుక అంచులు పుండ్లు పడ్డాయి. పెదవుల లోపల మండేది.

"వేడి చేసింది బిడ్డా" అని అమ్మ ఇంకో గరిటె నెయ్యి పోసింది.

నెల తర్వాత డాక్టరుగారు నన్ను తూకం మిషను ఎక్కించారు. ముల్లు మొదటిసారి కంటే వెనక్కే ఆగింది.

"మందు తింటలేవు."

"తింటున్న సార్. పూటకు రెండు. ఒక్క పూట తప్పలె."

"తింటే గిట్ల ఉండవు. మందు పారేసి స్టేషను కాడ మిర్చీలు తింటున్నవు."

"నోరంత పూసింది, మిర్చి యాడ తింట సార్? జర చూడుండ్రి."

నోరు తెరిచాను. ఆయన అరక్షణం చూశారు.

"పాన్‌ల సున్నం ఎక్కువైంది."

నేను పుట్టి బుద్ధెరిగి పాన్ వేసుకున్నవాణ్ణి కాను. ఆ మాట చెప్పేలోపే ఆయన నా కార్డు మీద ఉర్దూలో ఏదో రాశారు. దఫ్తరులో బల్లకు అవతలివైపు కాగితాలు తలకిందులుగా చదవడం నా వృత్తి. రాసింది ఇదీ: రోగి మందు తినడం లేదు, అబద్ధం చెబుతున్నాడు.

"యుద్ధం నడుస్తున్నది, మందు ఓడల్ల వస్తలేదు. ఇంకో నెలన్నర చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే నీకు సీసా రాయ. మింగేటోళ్లకు ఇచ్చుకుంట" అన్నారు.

మెట్లు దిగుతుంటే భయమేసింది. ఆ గోళీలు కూడా లేకపోతే నా గతేమిటి? అయినా నిజం చెప్పాలంటే ఆ భయం కంటే కార్డు మీది రెండో ముక్కే, అబద్ధం చెబుతున్నాడన్నదే, ఎక్కువ మండింది.

అదే వారం అక్క పురిటి కోసం అమ్మ కాచిగూడ వెళ్లింది. నాకు నాంపల్లి చౌరస్తాలో ఒక భోజన హోటలే దిక్కయింది. అక్కడ కల్వం ఎక్కడిది, ముద్దకు నెయ్యి ఎక్కడిది? గోళీలు కాగితంలో చుట్టుకుని జేబులో వేసుకునేవాణ్ణి. ఒకటి తినబోయేముందు, ఒకటి సగం అన్నం అయ్యాక. కుడి చెయ్యి ఎంగిలి కాబట్టి ఎడమ చేత్తోనే నోట్లో వేసుకుని చల్లటి నీళ్లు గటగటా తాగేవాణ్ణి. నోట్లో ఉంచుకుంటే మండుతుందని ఒక్క గుక్కలో దింపేవాణ్ణి. ఎవరూ పట్టించుకోలేదు, హోటల్లో ఎవరి విస్తరి వాళ్లది.

మూడు వారాల్లో నోటి పుండ్లు మానిపోయాయి. కడుపు ఉబ్బడం తగ్గింది. షేర్వాణీ లోపల మనిషున్నాడని తెలియసాగింది.

అమ్మ తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగి చూసింది.

"ఏందిరా, బుగ్గలొచ్చినయి? హోటలోడి అన్నం ఒంటికి పట్టిందా?"

"పట్టిందే."

"నేను కన్నందుకు నా చేతి అన్నం పట్టలేదు!"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కంచం మాత్రం శబ్దం వచ్చేలా పెట్టేది. మళ్లీ కల్వం, మళ్లీ నెయ్యి. వారంలో మళ్లీ పుండ్లు, మళ్లీ ఉబ్బరం. అప్పుడు నాకు ఆ నూరడంలోనే ఏదో ఉందని అనుమానం వచ్చింది. పైకి అంటే అమ్మ, "నా చేతిల విషమున్నదంటవా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇటు డాక్టరు పెట్టిన గడువు ఇంకో పది రోజులే.

మేడ ఎక్కకుండా నేరుగా కంపౌండరు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను.

"కల్వంలనా?" అన్నాడు. "నెయ్యిలనా? ఉడుకుడుకు అన్నంలనా? అరె వాహ్! మీ అమ్మగారు మందును దహనం చేస్తున్నరు సాబ్!"

తనకోసం తెప్పించుకున్న పాలు రెండు గ్లాసుల్లో పోశాడు. ఒకటి గోరువెచ్చగా ఉంచి, ఇంకొకటి స్టవ్వు మీద బుసబుస పొంగించాడు. రెండింటిలోనూ చెరొక గోళీ నూరి వేశాడు. కాసేపు ఆగి చూడమన్నాడు. గోరువెచ్చటి పాలు పసుపుపచ్చగా నీళ్లలా పలచబడ్డాయి, చేదు వాసన. మరిగిన పాలు ఉన్నట్టే ఉన్నాయి.

"గిది బతికున్న మందు. గిది చచ్చిన మందు. ఉడుకు తాకితే దీని పని ఖతం. చావకుండ మిగిలిన పొడి నోట్ల పడ్డదనుకో, పాలనే గిట్ల చేసింది, నీ నాలుకను వదులుతదా?"

ఆ తర్వాత అతను చెప్పిన నాలుగు మాటలూ డాక్టరుగారు మొదటి రోజే చెప్పవలసినవి. నూరొద్దు, నమలొద్దు, చప్పరించొద్దు. ఉడుకు అన్నంలో, చాయ్‌లో వెయ్యొద్దు. చల్లటి నీళ్లతో నిండుగా మింగి, దవడలో ముక్క ఇరుక్కుందేమో నాలుకతో చూసుకోవాలి. దావత్ ఉందని సొంత తెలివితో ఎక్కువ వేసుకోవద్దు, డాక్టరునడగాలి. పొయ్యి మీది గూడు సంగతి చెబితే తల పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి అమ్మకు పాల సంగతి చెప్పాను. అమ్మ కల్వం తీసి బోర్లించింది.

"ముందుగాల చెప్తె నాకేం రోగం? నేనెందుకు నూరుత?" అంది. న్యాయమైన మాట.

సీసా దేవుడి గూటి పక్కకు మారింది. కానీ ఎంగిలి చేత్తో సీసా ముట్టనివ్వదు, ఎడమ చెయ్యి నోటి దగ్గరికి రానివ్వదు. ఆఖరికి తానే నా పక్కన నిలబడి, "నోరు తెరు" అని పైనుంచి గోళీ వేసేది, నీళ్లు పోసేది. ఇరవై ఆరేళ్ల సర్కారు గుమాస్తా పిట్టపిల్లలా నోరు తెరిచేవాడు.

గడువు రోజున తూకం మిషను ఎక్కాను. ముల్లు ముందుకు పోయింది. డాక్టరుగారు నా భుజం తట్టారు.

"చూసినవా? మందు మింగితే గిట్ల ఉంటది!"

నేను మిషను దిగాను. కల్వం, నెయ్యి, పాలు అన్నీ చెప్పాను. ఆయన సీసాకు చీటీ రాస్తూ వింటున్నట్టు తల ఊపారు.

"కార్డు మీద రాసింది కొట్టేయుండ్రి సార్."

"ఏం రాసిన?"

"నేను అబద్ధం చెప్తున్ననని."

"బాగైనవు కదా, ఇంక దాంతోని ఏం పని?" అని నవ్వి, తర్వాతి మనిషిని పిలిచారు.

సీసా దొరికింది. మనిషిని అయ్యాను. పెళ్లి చేసుకున్నాను. ఇవాళ కూడా పూటకు రెండు మింగే అన్నం తింటున్నాను. డాక్టరుగారు ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నారట, కార్డులన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయట. భద్రంగా ఉండటమే నా బాధ.

డాక్టరుగారూ, ఏం తిన్నావని అడిగారు. ఎన్నిసార్లు పోయావని అడిగారు. చెయ్యని తప్పులు కూడా మీరే చెప్పారు. మందు ఎట్ల తింటున్నవని ఆ రోజు ఒక్కమాట ఎందుకు అడగలేదు? నేను అబద్ధం చెప్పానా, లేదా? ఔ అనండి, కాదనండి. ఈసారి జవాబు చెప్పండి.